అడుగుతున్న, అంతే

రాధాకిషన్ సేటు ఏ పనినీ వద్దనలేదు. అదే ఆయన గొప్పతనం. యాభై రెండేళ్ల జీవితంలో ఫలానా మంచి పనికి అడ్డం పడ్డాడని ఆయన వైపు వేలెత్తి చూపగల మనిషి సిద్దిపేటలో ఒక్కడు కూడా దొరకడు. ఆయన అడుగుతాడు, అంతే. చేసేవాడికి విసుగొచ్చి ఇంటికి పోయి పడుకునేదాకా అడుగుతాడు.

ఆయనకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. అక్కడ మాత్రం ప్రశ్నలంటే ఆయనకు గిట్టదు. గిన్నె మందమెంత, మూత సరిగ్గా కూర్చుంటుందా అని ఎవరైనా రెండు మాటలు అడిగితే చాలు, "కొనేటోళ్లు గిన్ని ప్రశ్నలు అడగరు" అని గిన్నె లాక్కుని మళ్లీ అటక మీద పెట్టేస్తాడు. ఆయన జ్ఞానతృష్ణ అంతా సుబోధ పఠన మందిరం గడప దాటాకే మొదలవుతుంది.

ఆ పఠన మందిరానికి పుస్తకాల బాధ్యుడు నాగేశం. ముప్పై ఆరేళ్లవాడు. మంచివాడు, అంటే ఎవరేం చెప్పినా నమ్మేవాడు. అడిగినవాడికి జవాబు చెప్పడం ధర్మమని చిన్నప్పుడెవరో చెప్తే అదీ నమ్మాడు. పదేళ్లుగా ఆ ధర్మం పాటిస్తూనే ఉన్నాడు, దాని ఫలితం మాత్రం తొంభై ఒకటో సంవత్సరంలోనే అనుభవానికి వచ్చింది.

మందిరంలో నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం సభ జరుగుతుంది. దానికొక పద్ధతుంది. కమిటీ అధ్యక్షుడు వకీలు కాశీనాథం పెట్టిన పద్ధతి. ఎదురెదురుగా అడిగితే తగాదాలవుతున్నాయని, ఎవరికే అనుమానమున్నా చీటీ మీద రాసి, గడప పక్కన పెట్టిన డాల్డా డబ్బాలో వేయమన్నాడు. చీటీ మీద పేరుండదు. నాగేశం ఒక్కొక్కటీ తీసి అందరికీ వినపడేలా చదివి జవాబు చెప్పాలి. రాసిందెవరని అడగకూడదు. పేరు లేకపోతే పిరికివాడు కూడా ధైర్యంగా అడుగుతాడని వకీలు గారి ఆశ. పేరు లేకపోతే సిగ్గులేనివాడు ఇంకెంత అడుగుతాడో ఆయన లెక్కలోకి రాలేదు.

పదకొండు చీటీలు పడితే అందులో తొమ్మిది రాధాకిషన్‌వి. ఒకటి తను రాస్తాడు, ఒకటి గుమస్తాతో రాయిస్తాడు, ఒకటి ఎడమచేత్తో గీకుతాడు. నాగేశం చదువుతుంటే తొలిసారి వింటున్నవాడిలా తల ఊపుతాడు. "ఎవలు రాసిన్రో గానీ, మంచి ప్రశ్న" అని తనే మెచ్చుకుంటాడు కూడా.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో బాలవ్వ అనే ఆమె మందిరం మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నలభై అయిదేళ్లుంటాయి. బీడీలు చేస్తుంది. చేతిలో దవాఖాన చీటీ ఒకటి ఉంది.

"సారూ, గీ కాయిదంల ఏమున్నది?"

నాగేశం చదివాడు. కంటి పరీక్షకు రమ్మని ఉంది. రమ్మన్న తేదీ దాటి నాలుగు రోజులయింది. ఆ మాట చెప్పాడు. బాలవ్వ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. కాగితాన్ని తిప్పి చూసుకుంది.

"గిది నాకే నేను చదువుకోవాలంటే ఎన్ని దినాలు పడ్తది?"

"ఆరు నెలలు అనుకో."

"ఎవలు చెప్తరు?"

నాగేశం తడబడ్డాడు. తర్వాత, "నేను చెప్త" అన్నాడు.

"నాలెక్క మా వాడల ఇంక ఇరవై మందున్నరు. వాళ్లు గూడ రావచ్చునా?"

నాలుగే ప్రశ్నలు. నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నాగేశానికి ఒక బడి కళ్ల ముందు కనపడింది. మందిరం వెనకాల ఒక గది ఉంది. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా బీడీలు చేసే ఆడవాళ్లకు అక్కడ చదువు చెప్పాలనుకున్నాడు. అక్షరాస్యత ఉద్యమం వాళ్లు పలకలు, వాచకాలు ఇస్తామన్నారు. దసరా లోపల కమిటీ గది ఖాయం చేసి రాసివ్వాలి, అంతే షరతు. రాసివ్వకపోతే ఆ పలకలు ఇంకో ఊరికి పోతాయి.

ఆ గదిలో ఉన్నవి ఒక క్యారమ్ బోర్డు, ఒక పరుపు. క్యారమ్ బోర్డు అందరిదీ. పరుపు మాత్రం రాధాకిషన్‌ది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి దీపాలు పెట్టే వేళ దాకా దాని మీద ఆయన లోకహితం గురించి ఆలోచిస్తుంటాడు, గురక బయటికి వినపడుతుంటుంది. గది ఇవ్వనని ఆ పెద్దమనిషి ఒక్క మాటంటే ఏ పీడా లేకపోయేది. అంటే ఎట్లా? అప్పుడు జనం పరుపు సంగతి మాట్లాడతారు కదా.

అందుకని డాల్డా డబ్బా నిండింది.

చదువు అంటే ఏమిటి, ముందు అది తేల్చండి అని ఒక చీటీ. ఆడవాళ్లు నిజంగా అడిగారనడానికి రుజువేది అని ఇంకొకటి. నాగేశం బాలవ్వ చెప్పగా ఇరవై మంది పేర్లు రాసుకొచ్చాడు. పేర్లు ఎవరైనా రాస్తారు, వాళ్ల గుర్తులేవి అని వచ్చింది. వాడలో ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించుకొచ్చాడు. వేలిముద్రలున్నాయి సరే, సంతకాలు ఎందుకు లేవు అని అడిగాడు మహానుభావుడు. చదువు రానివాళ్లు చదువు కావాలని సంతకం చేసి చూపించాలట. ఆ చీటీ చదివి సభలో ఎవరూ నవ్వలేదు. కాశీనాథం గడ్డం నిమురుకుని, "అడిగే హక్కు అందరికి ఉంటది నాగేశం. జవాబు తీసుకరా" అన్నాడు. న్యాయం పేరు చెప్తే ఎంత తెలివితక్కువ మాటైనా ఆయన గొంతులో గంభీరంగా వినపడుతుంది.

బీడీలు చేసేవాళ్లు గంటసేపు చదువుకు కూర్చుంటే ఆ గంట పని ఎవరు చేస్తారన్నది ఇంకో ప్రశ్న. దీనికి నాగేశం రెండు పేజీల జవాబు రాసి చదివాడు. రెండు వారాలయ్యాక అదే ప్రశ్న ఇంకో చేతిరాతలో వచ్చింది. మళ్లీ చదివాడు. నెల తిరిగాక మూడోసారి వచ్చింది. ప్రభుత్వ ఉత్తర్వు ఉందా అని వస్తే, పొద్దున్నే బస్సెక్కి జిల్లా ఆఫీసుకు సంగారెడ్డి పోయి, రెండు రోజులు పడిగాపులు పడి నకలు తెచ్చాడు. రాధాకిషన్ కళ్లజోడు పెట్టుకుని దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ముద్ర గుండ్రంగున్నది. అసలు ముద్ర గుండ్రంగనే ఉంటదా?"

నాగేశం ముఖం ఎర్రబడింది. "సేటు, మీరు కావాలనే..."

"అయ్యో, కోపమెందుకు? తెల్వక అడుగుతున్న, అంతే. నేను ఒద్దంటలేను గద." సేటు సభ వైపు చేతులు చాపాడు. "అడిగితే గింత కోపమొస్తే ఎట్లనయ్యా?"

సభ నాగేశం వైపు జాలిగా, కొంచెం తప్పు పట్టినట్టుగా చూసింది. ఇది రాధాకిషన్ విద్యలో ఆఖరి మెట్టు. ఒళ్లు మండేలా చేయడం ఒక ఎత్తు, మండిందని ఎదుటివాడి మీదే నేరం మోపడం ఇంకో ఎత్తు. ఈ రెండో దానికి గుండె చాలా మొద్దుబారి ఉండాలి.

నాగేశం నోటుబుక్కులో నలభై ఒక్క ప్రశ్నలకు నలభై ఒక్క జవాబులు చేరాయి. శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. ఈ మూడు నెలల్లో అతను బాలవ్వ వాడకు వేలిముద్రల కోసం ఒక్కసారే వెళ్లాడు. తీరిక ఏది? జవాబులు రాయాలి కదా.

ఒకరోజు పొద్దున్న భార్య కౌసల్యమ్మ చాటలో కందిపప్పు ఏరుతూ అతను రాస్తున్న నలభై రెండో జవాబు వైపు చూసింది.

"ఆయనకు దూప కాలేదు. మీరు ఊకె బిందెలు మోస్తున్నరు."

"అడిగినోనికి జవాబియ్యాలె గద."

"జవాబు కోసం అడిగినోడైతే ఇయ్యాలె. ఇన్ని చెప్పిన్రు గదా, ఒక్కదానికన్న 'సరే, తెల్సింది' అన్నడా?"

నాగేశం కలం ఆపాడు. మూడు నెలల రాత మొత్తం వెనక్కి వెతుక్కున్నాడు. అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. కౌసల్యమ్మ రాయి ఒకటి ఏరి పక్కన పడేసింది.

"ఏ జవాబు చెప్తే ఒప్పుకుంటరో మీరే ఆయన్ని అడుగున్రి. గా ఒక్కటి అడుగున్రి చాలు."

దసరాకు ముందు ఆఖరి సభ. నాగేశం డబ్బా మూత తీయలేదు.

"సేటు, ఇయ్యాల మీరేం అడిగినా జవాబు చెప్త. చెప్పినంక గది ఇద్దామంటరా?"

రాధాకిషన్ కనురెప్పలు టపటపలాడాయి. "గట్లెట్ల? ఇంకేదన్న ప్రశ్న పుట్టొచ్చు గద."

"ఏ జవాబు చెప్తే మీరు సరే అంటరో గా ఒక్కటి చెప్పున్రి."

"నేను ఒద్దంటలేను గదయ్యా."

"అయితే సరే అంటున్నరా?"

"గట్ల గూడ అంటలేను."

వెనక బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అది ముందు బల్లల దాకా పాకింది. కాశీనాథం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మూడు నెలలకు ఆయనకు వెలుతురు కనపడింది. "ఇగ చాలు. చేతులెత్తున్రి" అన్నాడు. కమిటీ ఏడుగురిలో ఆరు చేతులు లేచాయి. ఆరూ లేచాయని చూసుకున్నాక రాధాకిషన్ చెయ్యి కూడా లేచింది. "నేనెప్పుడు ఒద్దన్న?" అన్నాడు. చీమ కుట్టినట్టయినా లేదు ఆ మనిషికి. మర్నాడు పరుపు చుట్టి తీసుకుపోయాడు.

నాగేశం గెలిచాడు. గెలుపు అతనికి అలవాటు లేదు, అందుకే నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ అందరినీ నమ్మినవాడు ఇప్పుడు ఎవరినీ నమ్మకుండా అయ్యాడు. ఏ ప్రశ్న విన్నా దాని వెనక ఒక పరుపు కనపడేది. మందిరంలో ఒక ముసలాయన నిన్నటి పేపరు ఎక్కడుందని అడిగితే, "నిన్నటిది ఇయ్యాల ఎందుకు మీకు?" అని నిలదీశాడు. ఎదురుగా ఉన్న హోటల్ పర్శరాములు చాయ్‌లో చక్కెర వేయాలా అంటే, "రోజూ ఏస్తున్నవ్ గద, కొత్తగ ఎందుకడుగుతున్నవ్?" అని గుర్రుగా చూశాడు. ఇక తనను ఎవరూ మోసం చేయలేరనుకున్నాడు పాపం. తను తెలివిమీరాడని మురిసిపోయే మంచివాడంత ప్రమాదకరమైనవాడు ఊళ్లో ఇంకెవడూ ఉండడు.

దసరా వెళ్లిన ఆదివారం బడి మొదలు. పదహారు మంది ఆడవాళ్లు వచ్చి చాపల మీద కూర్చున్నారు. బాలవ్వ గోడకు ఆనుకుని వెనక కూర్చుంది. కమిటీ వాళ్లు బల్లల మీద కూర్చున్నారు. రాధాకిషన్ అందరికంటే ముందే వచ్చాడు. పద్ధతి ప్రకారం ముందు డబ్బా తెరవాలి. అందులో ఒకే ఒక చీటీ ఉంది. నాగేశం విప్పి చదివాడు.

"బీడీలు చేసేటోళ్లు గంటసేపు చదువుకు కూసుంటే గా గంట పని ఎవలు చెయ్యాలె?"

నాలుగోసారి! అదే ప్రశ్న. గది ఇచ్చాక కూడా, ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నాక కూడా. నాగేశం రాధాకిషన్ ముఖం వైపు చూశాడు. సేటు అమాయకంగా పైకప్పు చూస్తున్నాడు. అంతే, మూడు నెలలుగా మింగిందంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"గిది ప్రశ్న గాదు, పుల్ల! నడిచే బండికి అడ్డం పెట్టే పుల్ల. గిది రాసినోళ్లకు చదువు వద్దు, చెప్తే వినేది లేదు. ముచ్చటగ మూడుసార్లు చెప్పిన. చెవులున్నోళ్లకు ఒక్కసారి చాలు. గిసొంటి బుద్ధి ఉన్నోళ్లకు అక్షరాలు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. సిగ్గుంటే మల్ల ఈ డబ్బ దిక్కు రావొద్దు!"

బల్లల మీద వాళ్లు పగలబడి నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నాగేశం చీటీని నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి విసిరేశాడు. జన్మలో తను ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదనిపించింది. ఒంట్లో వెచ్చగా, హాయిగా ఉంది.

"నాగేశం," అన్నాడు రాధాకిషన్ నెమ్మదిగా, "గా చీటీ నాది గాదు."

ఆ మందిరంలో ఆయన నోట వచ్చిన మొదటి నిజం అది. ఎవరూ నమ్మలేదు. నవ్వులు ఇంకా ఎక్కువయ్యాయి.

అప్పుడు గోడ దగ్గర బాలవ్వ లేచి నిలబడింది.

"గా చీటీ నాది సారూ. పర్శరాములుతోని రాయించిన." కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "అడగాలంటే డబ్బల ఎయ్యాలన్నరు. అందుకే ఏసిన."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నాగేశం చీటీ ముక్కలు విసిరిన కిటికీ వైపు చూశాడు. మాటలు ఎప్పుడూ కరువుకాని పెద్దమనిషి మాత్రం ఒకడున్నాడు కదా.

"సూసిన్రా వకీల్ సాబ్! నేనడిగిందే ఆమె అడిగింది. పాపం, అడిగినోళ్లను గిట్ల తిడ్తరా? గిదేనా చదువు చెప్పే తీరు? అడుగుతున్న, అంతే."

బాలవ్వ ఆయన వైపు చూడలేదు. నాగేశం వైపూ చూడలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. ఆమె వెనకే ఒకరి తర్వాత ఒకరు పదిహేను మందీ లేచి వెళ్లిపోయారు. కొత్త పలకలు కట్ట కూడా విప్పకుండా బల్ల మీదే ఉండిపోయాయి.

మర్నాడు నాగేశం నోటుబుక్కు చంకలో పెట్టుకుని బాలవ్వ వాడకు వెళ్లాడు. దారంతా సిగ్గుతో చచ్చిపోయాడు. బాలవ్వ అరుగు మీద ఎనిమిది మంది ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. తునికాకు చుట్టడం, తమాకు నింపడం, దారం కట్టడం అన్నీ వాళ్ల వేళ్లే చేసుకుపోతున్నాయి. కళ్లు మాత్రం వీధిలో వచ్చేపోయేవాళ్ల మీద, మాటలు ఒకరితో ఒకరికి. నాగేశాన్ని చూసి మాటలు ఆగాయి, వేళ్లు ఆగలేదు.

"తప్పయింది బాలవ్వా. సేటు రాసిండనుకున్న."

"ఎవలు రాసినా మాటలైతే అవ్వే గద సారూ," అంది బాలవ్వ. ఆమె గొంతులో కోపం లేదు, అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది. "నాకు జవాబు తెచ్చిన్రా?"

నాగేశం నోటుబుక్కు తెరిచాడు. ఆ ప్రశ్నకు అందులో మూడు జవాబులున్నాయి. చదువు వల్ల దేశానికి కలిగే మేలు, రాబోయే తరాల భవిష్యత్తు, ఒక గంట త్యాగం. రాధాకిషన్ నోరు మూయించడానికి రాసిన జవాబులు. ఆ నోరే మూయించలేనివి, ఈ అరుగు మీద ఎందుకు పనికొస్తాయి? పైకి చదవబోయి సిగ్గేసి మూసేశాడు.

"లేదు బాలవ్వా. నాకు తెల్వదు." మూడు నెలల్లో ఆమెను తను అడగని మాట అడిగాడు. "నీకేమన్న తోస్తున్నదా?"

"తోసినందుకే అడిగిన." బాలవ్వ ఇంకో ఆకు తీసుకుంది. "చాటలు ఎంబడి తెచ్చుకుందుమా అని. మాకు చేతులే గద పని, కండ్లు ఖాళీనే ఉంటయి. మీరు చెప్తుంటే అక్షరాలు చూసుకుంట చేసుకుంటం. దిద్దెటప్పుడు కొంచెం సేపు పక్కన పెడ్తం. కాని తమాకు దుమ్ము మీ గదిల పడ్తది. మీరు ఒప్పుకుంటరో లేదో. ఊడ్చిపోతం అని చెబుదామనుకున్న."

అదీ ఆమె అడిగింది. ఒక్క నిమిషంలో తేలిపోయే సంగతి. ఊ అంటే అయిపోయేది. మూడు నెలల్లో ఎప్పుడు ఈ అరుగు దగ్గరికి వచ్చి నిలబడినా, ఎవరూ చెప్పక్కరలేకుండా అతని కళ్లకే కనపడేది. దొంగ ప్రశ్నలకు కాళ్లరిగేలా తిరిగి, అసలు ప్రశ్న చేతికొచ్చిన రోజు దాన్ని చింపి కిటికీలోంచి పారేశాడు. నాగేశానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"తెచ్చుకోండ్రి. చాటలు తెచ్చుకోండ్రి. దుమ్ము నేనే ఊడుస్త."

అరుగు మీద ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె నవ్వింది కూడా.

"రేపటి సంది వీళ్లందర్ని తోల్త," అంది బాలవ్వ.

"నువ్వు?"

బాలవ్వ బీడీకి దారం చుట్టి, కొన నొక్కి, చాటలో పెట్టింది.

"నేను రాను సారూ. నాకు అడిగే అలవాటున్నది."